చెప్పు

రాత్రి ఒంటిగంట దాటాక
లండన్ అడుగున కరెంటు తీసేస్తారు.
క్వాబెనా పరీక్ష దీపాన్ని పట్టాల మీద ఆనిస్తాడు.
అది వెలగకూడదు.
వెలగకపోతేనే మాకు పని, ప్రాణం, జీతం.

ఓటిలీ అప్పుడు మోకాళ్ల తొడుగులు బిగించి
సొరంగంలోకి దిగుతుంది
అరవై ఒకటో ఏట, ఇరవయ్యారేళ్ల అలవాటుతో,
తోటకూర మడిలోకి దిగినంత మామూలుగా.

ఏరేది వెంట్రుకలు.
నమ్మరు గానీ, నగరమంతా రాలుస్తుంది:
నెరిసినవి, రంగేసినవి, పసిపిల్లల నూగు,
కోటు దారాలు, చర్మపు పొట్టు,
బ్రేకులు అరగదీసిన ఇనప పిండి.
అన్నీ కలిసి బూడిదరంగు పిల్లికూనల్లా
పింగాణీ దిమ్మెల పక్కన ముడుచుకుని పడుకుంటాయి.
వదిలేస్తే ఏదో ఒక వేకువన అంటుకుంటాయి.
ఆమె బ్రష్షుతో ఊడ్చి, సంచిలో కుక్కి,
"ఇవాళ ఒక విగ్గుకి సరిపడా," అంటుంది.

పనిలో చేరిన మొదటి వారం
కరెంటు పట్టా కొస చూపించింది నాకు,
దారులు చీలే చోట, పట్టా తెగి మళ్లీ మొదలయ్యే చోట.
దాని ఒంటి నిండా అమ్మవారి మచ్చలు.
గ్లవ్ తీసి తడమమంది.
నున్నటి ఇనుములో సన్నటి గరుకు,
కరిగి గడ్డకట్టిన ఆవగింజంత పూసలు.

"రైలుకి చెప్పులుంటాయి, తెలుసా?
ఈ పట్టాని ఒరుసుకుంటూ పోతాయి.
ఇక్కడికొచ్చేసరికి కింద నేలుండదు.
చెప్పు గాల్లోకి లేస్తుంది,
కరెంటు మాత్రం ఆగనంటుంది.
గాలినే తొక్కుకుంటూ దూకుతుంది.
ఇవి దాని పంటిగాట్లు."

చూశావా ఎప్పుడైనా, అన్నాను.
నవ్వింది.
"అది పడుకున్నాకే నేనొస్తాను.
అది లేచేలోపు బస్సులో ఉంటాను.
ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటూ
మొహాలు చూసుకోని ఇద్దరం."

జనవరిలో ఒక తెల్లవారుజామున బస్సు రాలేదు.
గోల్డర్స్ గ్రీన్‌లో,
పట్టాలు సొరంగం విడిచి ఆకాశం కిందికొచ్చే చోట,
ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాం
థర్మాస్ మూతలో టీ వంతులేసుకుంటూ.
మంచు పట్టాల మీద
ముదురు పాకంలా బిగుసుకుపోయింది.
కరెంటు వచ్చేసిందన్నారు.
చూపుకి ఏ తేడా లేదు.

డిపోలోంచి మొదటి బండి కదిలింది.
ముందు చిటపట, పోపులో తడి పడ్డట్టు.
తర్వాత వెలుగు.
తెల్లనా, నీలమా, ఆకుపచ్చా,
పేరు పెట్టేలోపు పోయింది, మళ్లీ వచ్చింది,
చెప్పుకీ ఇనుముకీ మధ్య మంచు పొర దొరికిన ప్రతిచోటా.
గోడలో ఇటుక ఇటుకనీ విడదీసి లెక్కపెట్టింది.
కంచె పక్కన ఒక నక్క
పట్టుబడ్డ దొంగలా, మూడు నీడలతో.
ఆ వెలుగులో ఓటిలీ
పడుచుపిల్లలా కనిపించిందని అనను.
అరవై ఒకటి కంటే ఎక్కువే కనిపించింది.

గాలిలో వాన లేని పిడుగు వాసన.
ఆమె టీ మూత నా చేతికిచ్చి
ఏదో అనబోయింది.
చెప్పు, అన్నాను.
తల అడ్డంగా ఊపింది.

బండి ఆగింది. ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నాం.
సొరంగంలోకి దూరే ముందు
పట్టా తెగిన చోట
దీపాలన్నీ ఒక్క రెప్పపాటు ఆరి వెలిగాయి.
డ్యూటీ దిగిన నర్సు తలెత్తలేదు.
ఒళ్లో పిండి మరకలున్న కుర్రాడు తలెత్తలేదు.
ఓటిలీ మాత్రం
బూటు మడమతో నేలని రెండుసార్లు తట్టింది,
పై వాటా వాళ్లు కింది వాటాకి
ఉన్నామని తెలియజేసినట్టు.

తర్వాత స్టాక్‌వెల్ దాకా నిద్రపోయింది.
ఆమె భుజం మీద ఒక వెంట్రుక,
ఎవరిదో, ఎర్రది, పొడుగ్గా.
తీసి కింద పడేయబోయి
జేబులో పెట్టుకున్నాను.